తొలి బొమ్మ తగువు

కంప్యూటరు మీట నొక్కిన తరువాత, మన పేరూ సంకేతపదమూ అడిగే తెర వచ్చేలోపల, ఒక బొమ్మ కనబడుతుంది చూశారూ! మధ్యలో ఆ లినక్సు తాలూకు ముద్ర, దాని కింద గిర్రున తిరిగే చుక్కలో, మెల్లగా నిండే గీతో వుంటాయి. దానికి స్ప్లాష్ అని పేరు. అది తెర మీద నిలిచేది ఎంతసేపు? కాఫీ గ్లాసు అందుకుని ఒక గుక్క వేసేలోపల మాయమైపోతుంది. అటువంటి క్షణభంగురమైన బొమ్మ కోసం ఒక వారం పేజీ ఖర్చు చేయడమేమిటని మీరు అనుకోవచ్చు.

కాని, ఆ బొమ్మ కొలత తప్పిందన్న ఒక్క కారణంతో నిక్షేపంలాంటి మానిటరును పాతసామాను బండికి తూకానికి వేసినవారిని మా బహదూర్‌పురాలోనే ఎరుగుదును. తెర నల్లగా వుంది గదా అని, లోపల డిస్కు తనిఖీ జరుగుతూ వుండగానే ప్లగ్గు పీకి, పిల్లల ఫోటోలన్నీ పోగొట్టుకున్న కుటుంబాన్ని కూడా ఎరుగుదును. బొమ్మ చిన్నదే గాని, దాన్ని చూసి మనం తొందరపడి చేసే పనులకు ఖర్చు పెద్దది. అందుకని ఈ వారం ఈ తొలి బొమ్మ తగువు తీరుద్దాం.

ఈ తగువు ఇప్పుడే ఎందుకు ఎక్కువైందో ముందు చెబుతాను. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కి మైక్రోసాఫ్టు వారి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కు పనికిరావని తేలిన యంత్రాలు, ఒంట్లో సత్తువ వుండగానే పెన్షను పుచ్చుకున్న గుమస్తాల్లాగా, మూలకు చేరాయి. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో సెకండ్‌హాండు కంప్యూటరు కొని, లినక్సు వేయించుకుని, పిల్లల చదువుకు వాడుకుంటున్న ఇళ్లు మా గల్లీలోనే నాలుగైదు వున్నాయి. లినక్సు అన్న మాట మన నగరానికి కొత్త కూడా కాదు. 2005లో మొదలైన "స్వేచ్ఛ" వారు తెలుగులో నడిచే లినక్సును తయారుచేయడానికి ఇక్కడే పూనుకున్నారు. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, యంత్రం ఒకచోటిది, మానిటరు ఒకచోటిది, తీగ మరొకచోటిది. ముగ్గురికీ పరిచయం లేదు. ఆ పరిచయం జరగవలసిన చోటే ఈ బొమ్మ వస్తుంది.

అసలు ఈ బొమ్మ మొదట లేనే లేదు. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఈ కెర్నల్‌ను లోకానికి విడుదల చేసిన నాటి నుంచి చాలా ఏళ్లు, యంత్రం మేలుకుంటూ తాను చేస్తున్న ప్రతి పనినీ తెర మీద వరసగా అచ్చుగొట్టేది. నల్లని తెర, తెల్లని అక్షరాలు. తెలిసినవాడికి అది దినచర్య; తెలియనివాడికి యంత్రానికి సంధి పుట్టిందేమోనని భయం. ఆ భయం తీర్చడానికి బొమ్మతో ముసుగు వేశారు. 2008 నవంబరులో వచ్చిన ఫెడోరా 10తో ప్లిమత్ అనే కొత్త ముసుగు వచ్చింది. 2010 ఏప్రిల్‌లో ఉబుంటు 10.04 కూడా దానికే మారింది. మన యిళ్లలోని లినక్సులలో చాలావాటికి నేడు తొలి బొమ్మ వేసేది ఈ ప్లిమత్తే.

ఈ ప్లిమత్ వచ్చిన కొత్తలోనే తగువూ వచ్చింది. తెర కొలతను కెర్నల్ స్వయంగా నిర్ణయించే పద్ధతి ఒకటి ఆ రోజులలోనే అమలులోకి వచ్చింది. దానికి కెర్నల్ మోడ్ సెట్టింగ్ అని పేరు. ప్లిమత్ ఆ పద్ధతిని నమ్ముకుని పుట్టింది. కాని ఎన్విడియా వారి సొంత డ్రైవరు అప్పట్లో ఆ పద్ధతిలో చేరలేదు. ఫలితంగా ఉబుంటు 10.04లో ఆ డ్రైవరు వేసుకున్నవారికి, అందమైన ఊదారంగు బొమ్మ కాస్తా 640×480 చుక్కలకూ 16 రంగులకూ దిగజారిపోయి, సంతలో గుడ్డ మీద అచ్చువేసిన బొమ్మలా కనబడేది. ఆ 640×480, 16 రంగుల కొలత 1987లో ఐబీఎం వారు వీజీఏ పేరిట తెచ్చినది. ఎవరూ ఏమీ చెప్పకపోతే యంత్రం తన తాతల కాలపు అలవాటుకు పోతుందన్నమాట.

ఇక కొలత సంగతి. ముగ్గులు వేసే అమ్మలకు ఇది నేను వివరించనక్కరలేదు. తెర అంటే చుక్కల ముగ్గు. ఈనాటి చవక మానిటరుకు అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు వుంటాయనుకోండి. మొత్తం 10,49,088 చుక్కలు. యంత్రమేమో 1024కు 768 చుక్కల ముగ్గు వేసి పంపిందనుకోండి. అవి 7,86,432 మాత్రమే. వాకిలి పెద్దది, ముగ్గు చిన్నది. అప్పుడు మానిటరు రెండు పనులలో ఒకటి చేస్తుంది: రెండు పక్కలా నల్లగా వదిలేసి మధ్యలో ముగ్గు పెడుతుంది, లేదా చుక్కల నడుమ ఎడం పెంచి వాకిలి నిండా సాగదీస్తుంది. సాగదీస్తే నిలువు అలాగే వుంటుంది, అడ్డం మూడోవంతు పెరుగుతుంది. 9 సెంటీమీటర్ల గుండ్రని ముద్ర 12 సెంటీమీటర్ల వెడల్పుకు సాగుతుంది. పూరీ వేస్తే రోటీ అయినట్టు!

మరి ఎన్ని చుక్కల ముగ్గు వేయాలో యంత్రానికి చెప్పేదెవరు? మానిటరే చెప్పాలి. 1994లో ఇందుకొక కట్టుబాటు ఏర్పడింది. ప్రతి మానిటరులోనూ 128 బైట్ల చిన్న చీటీ ఒకటి రాసి వుంటుంది. ఎవరు చేశారు, ఏ సంవత్సరం చేశారు, ఎన్ని చుక్కలు పడతాయి అన్న వివరాలన్నీ అందులో వుంటాయి. ఆ చీటీకి ఈడీఐడీ అని పేరు. తీగ తగిలించగానే యంత్రం ఆ చీటీ చదువుకుంటుంది. నీలిరంగు మూతి వున్న పాత వీజీఏ తీగలో మూడు వరసలుగా 15 సూదులకు చోటు వుంటుంది. వాటిలో 12వదీ, 15వదీ ఈ చీటీ మోసే సూదులు. బొమ్మ మోసేవి వేరు. చవక తీగలలో ఆ రెండింటినీ అసలు కలపరు. పిల్లవాడు వంకరగా గుచ్చినప్పుడు వొంగిపోయిన సూది కూడా వాటిలో ఒకటి కావచ్చు. అప్పుడు బొమ్మ వస్తుంది, చీటీ రాదు.

చీటీ సరిగ్గా వచ్చినా, దాన్ని చేతులు మార్చుకునేవారు నలుగురు. మొదట మదర్‌బోర్డులోని బయోస్, కొత్త యంత్రాలలో అయితే యూఈఎఫ్ఐ. రెండవది గ్రబ్ అనే పిలుపుగాడు. ఏ లినక్సును లేపాలో అడిగేది ఇదే. మూడవది కెర్నల్, దానితోపాటు తెరను నడిపే డ్రైవరు. నాలుగవది బొమ్మ వేసే ప్లిమత్. తిట్లన్నీ ప్లిమత్‌కు తగులుతాయి గాని, పాపం, తన ముందున్న ముగ్గురూ ఎంత పీట వేస్తే అంత పీట మీద కూర్చునే అతిథి అది. కొలత తప్పు అక్కడ పుట్టడం అరుదు.

మా జూపార్కు రోడ్డు మీద ఒక దర్జీ సాబ్ వున్నారు. ఇంటరు చదివే కూతురి కోసం పాత కంప్యూటరు కొని, ఒక దుకాణంలో లినక్సు వేయించారు. ఒకనాటి సాయంత్రం దిగులుగా నా దగ్గరికి వచ్చారు.

"తెర ఖరాబయిందంట, మాస్టర్ సాబ్. వేరేది కొనుక్కోమంటున్నరు. పరీక్షల ముందు ఇదేం ముసీబత్?" అన్నారు.

వెళ్లి చూశాను. అమ్మాయి మీట నొక్కి, "అంకుల్, చూడండి, గుండ్రంగ ఉండాల్సింది కోడిగుడ్డు లెక్క అయింది" అన్నది. నిజమే. ముద్ర సాగిపోయి, అంచులు మసకగా వుంది. లోపలికి వెళ్లిన తరువాత అక్షరాలు కూడా లావెక్కినట్టు వున్నాయి.

"భాయ్ సాబ్, కొలతలు తీసుకోకుండా షేర్వాణీ కుడతారా?" అని అడిగాను.

"తౌబా! కొలతల చీటీ లేకపోతే కత్తెర పట్టను."

"ఈ యంత్రం చీటీ చూడకుండా కత్తెర పట్టింది. అంతే. మనిషి ఒళ్లు బాగానే వుంది, షేర్వాణీయే బిగువైంది."

ఆయనకు ఆ ఒక్క మాటతో విషయం బోధపడింది. ఇక చీటీ ఎక్కడ ఆగిందో వెతకడమే మిగిలింది.

ఇలా వెతకడానికి ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. పాఠకులు దీన్ని గోడ మీద రాసుకున్నా తప్పులేదు. "తొలి బొమ్మ ఒక్కటే చెడిందా, లేక లోపలికి వెళ్లిన తరువాత కూడా తెర చెడే వుందా?" తొలి బొమ్మ ఒక్కటే చెడి, లోపల అంతా చక్కగా వుంటే, చీటీ అందింది గాని ఆలస్యంగా అందింది అని అర్థం. రెండూ చెడితే చీటీ అందనే లేదు, లేదా అందినా చూడవద్దని ఎవరో ఆజ్ఞ వేశారు అని అర్థం. ఈ రెండింటికీ వైద్యాలు వేరు.

దర్జీ సాబ్ ఇంట్లో రెండూ చెడ్డాయి. అందుచేత ముందు తీగను అనుమానించాను. నయాపూల్ దాటి కోఠీ గుజరాతీ గల్లీ దాకా పోకుండా, నా తీగనే తెచ్చి తగిలించి చూశాను. మార్పు లేదు. అప్పుడు కెర్నల్‌కు మేలుకునేటప్పుడు ఇచ్చే ఆజ్ఞల వరసను తెరిచి చూస్తే, అందులో "నోమోడ్‌సెట్" అనే మాట కనబడింది. తెర కొలత విషయంలో కెర్నల్ జోక్యం చేసుకోకూడదు అని దాని భావం. లినక్సు వేసేటప్పుడు కొన్ని యంత్రాలలో తెర నల్లబడుతుంది. అప్పుడు "సేఫ్ గ్రాఫిక్స్" అనే దారిన వేస్తారు. ఆ దారి ఈ మాటను వాడుకుంటుంది. పని అయిన తరువాత దాన్ని తీసేయకపోతే అది అక్కడే కూర్చుంటుంది. ఇల్లు కట్టి గోడకు ఆనించిన సారువ విప్పడం మరిచిపోయినట్టు! ఆ ఒక్క మాట తీయగానే ముద్ర పున్నమి చంద్రుడిలా గుండ్రంగా వచ్చింది. కొత్త తెర కొనవలసిన పని తప్పింది. ఆ డబ్బుతో అమ్మాయికి పుస్తకాలు వస్తాయని దర్జీ సాబ్ సంబరపడ్డారు.

ఆ మాట తీసే విధానం చెబుతాను. ఇంట్లో ఎవరైనా చేయవచ్చు. యంత్రం లేచేటప్పుడు పాత బయోస్ యంత్రమైతే షిఫ్టు మీట నొక్కి పట్టుకోవాలి. యూఈఎఫ్ఐ యంత్రమైతే ఎస్కేప్ మీట తట్టాలి. గ్రబ్ పట్టిక కనబడుతుంది. మొదటి వరస మీద వుండగా ఇంగ్లీషు "ఇ" అక్షరం నొక్కితే ఆజ్ఞలు తెరుచుకుంటాయి. "లినక్స్" అని మొదలయ్యే పొడుగాటి వరసలో, చివరి వైపు, "క్వయట్ స్ప్లాష్" అన్న మాటల దగ్గర ఈ నోమోడ్‌సెట్ వుంటుంది. దాన్ని చెరిపి ఎఫ్10 నొక్కండి. ఇందులో గొప్ప సుఖమేమిటంటే, ఈ మార్పు ఈ ఒక్కసారికే. తెర నల్లబడి బెడిసికొట్టినా, మళ్లీ యంత్రం లేపితే అంతా యథాప్రకారంగా వుంటుంది. పలకా బలపంతో లెక్క చేసి చూసుకోవడం వంటిది ఇది.

బాగా వచ్చిందని తేలిన తరువాతే శాశ్వతంగా మార్చాలి. ఉబుంటు, డెబియన్ వంటివాటిలో "ఈటీసీ" అనే సంచిలో "డిఫాల్ట్" అనే సంచీ, అందులో "గ్రబ్" అనే ఫైలూ వుంటాయి. దానికి ముందుగా ఒక నకలు తీసి దాచండి. తరువాత అందులోని వరసలో నుంచి ఆ మాట తీసి, "అప్‌డేట్-గ్రబ్" అనే ఆజ్ఞ ఇవ్వండి. ఆజ్ఞ ఇవ్వకుండా ఫైలు మాత్రం మార్చి, మార్పు రాలేదని మొత్తుకునేవారు చాలామంది. ఉత్తరం రాసి పోస్టు చేయకపోతే జవాబెలా వస్తుంది?

ఇక తీగే దొంగ అయితే ఎలా తెలుస్తుంది? లోపలికి వెళ్లి డిస్‌ప్లే సెట్టింగులు తెరవండి. మానిటరు తయారుచేసినవారి పేరు కనబడితే చీటీ అందినట్టే. "తెలియని తెర" అన్న అర్థం వచ్చే మాట వుంటే చీటీ అందలేదు. తీగ మార్చండి. నడుమ రెండు తెరలకు పంచే పెట్టెలాంటిది పెట్టి వుంటే, దాన్ని తీసి నేరుగా తగిలించి చూడండి. తీగ మార్చే వీలులేకపోతే, కెర్నల్ ఆజ్ఞల వరసలో "వీడియో" అనే మాట రాసి, దాని పక్కన సమానపు గుర్తు పెట్టి, 1920×1080 వంటి కొలతను మనమే చెప్పవచ్చు. నడుమ గుణకారపు గుర్తుకు బదులు ఇంగ్లీషు చిన్న "ఎక్స్" కొట్టాలి. చీటీ పోయిన షేర్వాణీకి మనం నోటితో కొలత చెప్పడమన్నమాట. అయితే మానిటరు భరించే కొలతే చెప్పాలి.

ఇప్పుడు రెండవ రకం: లోపల అంతా బాగుంది, తొలి బొమ్మ ఒక్కటే లావుగానో, మసకగానో వచ్చి, నడుమ ఒక్కసారి మిణుకుమని ఆ తరువాత బాగుపడుతుంది. ఇక్కడ డ్రైవరు ఆలస్యంగా నిద్రలేస్తున్నది. కెర్నల్ లేచేటప్పుడు, ప్రయాణానికి చద్దిమూట కట్టుకున్నట్టు, తనకు వెంటనే కావలసిన సామానంతా ఒక మూటగా తెచ్చుకుంటుంది. దాన్ని ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అంటారు. తెర డ్రైవరు ఆ మూటలో లేకపోతే, ప్లిమత్ బయోస్ వారు చూపిన ఏదో ఒక కొలత మీద బొమ్మ మొదలుపెడుతుంది. నడిదారిలో డ్రైవరు వచ్చి కొలత మారుస్తుంది. దీనికి మందు, ఆ డ్రైవరును మూటలో చేర్చడమే. "ఈటీసీ"లోని "ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-టూల్స్" సంచిలో "మాడ్యూల్స్" అనే ఫైలు వుంటుంది. ఇంటెల్ వారి తెర అయితే "ఐ915", ఏఎండీ వారిదైతే "ఏఎండీజీపీయూ", వారిదే మరీ పాతదైతే "రేడియాన్" అన్న పేరును అందులో ఒక వరసగా రాసి, "అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్" ఆజ్ఞను "-యు" అన్న తోకతో ఇవ్వాలి. ఎన్విడియా వారి డ్రైవరులో కూడా ఇప్పుడు మోడ్ సెట్టింగు సదుపాయం వుంది. అది మూసివుంటే తెరవాలి. ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాలలోనే కొట్టాలని వేరే చెప్పనక్కరలేదు గదా.

కొన్నిచోట్ల గ్రబ్ పట్టికే కొలత తప్పి కనబడుతుంది. గ్రబ్ ఫైలులో "జీఎఫ్ఎక్స్‌మోడ్" అనే వరసకు కావలసిన కొలత రాయవచ్చు. ఒకటికి బదులు, కామాలు పెట్టి రెండు మూడు రాస్తే, వాటిలో మొదట కుదిరినదాన్ని అది తీసుకుంటుంది. "జీఎఫ్ఎక్స్‌పేలోడ్" అనే వరసకు "కీప్" అని రాస్తే, ఆ కొలతనే కెర్నల్‌కు అప్పజెబుతుంది. అయితే బయోస్ తన జాబితాలో లేని కొలతను ఇవ్వలేదు. గ్రబ్ పట్టిక దగ్గర "సి" అక్షరం నొక్కి "వీడియోఇన్ఫో" అని కొడితే ఆ జాబితా కనబడుతుంది. 1366×768 మానిటరు వున్నవారు ఆ జాబితాలో తమ కొలత లేదని కంగారుపడతారు. దానికొక లెక్క వుంది. పాత కట్టుబాట్లలో అడ్డం చుక్కలను ఎనిమిదేసి లెక్కన కొలిచేవారు. 1366ను ఎనిమిదితో భాగిస్తే శేషం మిగులుతుంది. 1360, 1368 మాత్రం నిశ్శేషంగా పోతాయి. అందుకే కొన్ని యంత్రాలు 1360 అంటాయి, కొన్ని 1368 అంటాయి. ఆ కొద్ది చుక్కల తేడా కంటికి ఆనదు. దాని కోసం నిద్ర మానుకోవద్దు.

ఇంట్లోని టీవీనే మానిటరుగా వాడేవారికి వేరే చిక్కు. బొమ్మ గుండ్రంగానే వుంటుంది గాని, నాలుగు అంచులూ కోసుకుపోతాయి. అది లినక్సు తప్పు కాదు. పాత టీవీ ప్రసారాల కాలపు అలవాటు కొద్దీ టీవీ బొమ్మను కాస్త పెంచి అంచులు దాచేస్తుంది. టీవీ రిమోటులోనే బొమ్మ సైజు దగ్గర ఆ పెంపకాన్ని మాన్పించాలి.

ఇక పాత సలహాల సంగతి. ఎవరో పెద్దమనిషి "వీజీఏ=791 అని రాయండి, అంతా కుదురుతుంది" అంటాడు. 791 అంటే 1024×768 కొలతకు ఒకనాటి గుర్తు. 2010 నాటి ఉబుంటు తగువుకు "వీ86డీ" అనే పరికరం కూడా ఒక మందుగా వుండేది. ఆ రోజులకు అవి మంచి మందులే. కాని తాతగారి కళ్లద్దాలు మనవడికి పెట్టకూడదు గదా! కెర్నలే చీటీ చదువుకోగల నేటి యంత్రాలకు ఆ వైద్యం చేస్తే, వున్న కొలత కూడా పోతుంది.

ఈ వైద్యాలన్నిటికీ పథ్యం ఒకటే: ఒక్కొక్క మార్పు చేయండి, చేసి చూడండి, నోటు పుస్తకంలో రాసుకోండి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో బ్రహ్మకు కూడా తెలియదు.

నేను మొదట చెప్పిన ప్లగ్గు పీకే సంగతి అన్నిటికంటే ముఖ్యం. కరెంటు ఠపీమని పోయి వచ్చిన తరువాత యంత్రం డిస్కును తనిఖీ చేసుకోవచ్చు. ఆ కబురు మనకు ప్లిమత్ ద్వారానే రావాలి. డిస్కుకు తాళం వేసుకున్నవారిని సంకేతపదం అడిగేది కూడా ప్లిమత్తే. కొలత కుదరక బొమ్మ నల్లబడితే ఈ కబుర్లు మనకు కనబడవు. యంత్రం పాపం లోపల మాట్లాడుతూనే వుంటుంది. అటువంటప్పుడు ఎస్కేప్ మీట ఒకసారి నొక్కండి. ముసుగు తొలగి వెనకనున్న అక్షరాల వరసలు కనబడవచ్చు. తనిఖీ జరుగుతున్నదని వుంటే, వంటింట్లోకి వెళ్లి అన్నం వార్చుకు రండి. తొందరపడకండి. డిస్కు దీపం మిణుకుమిణుకుమంటున్నంతసేపు ప్లగ్గు జోలికి వెళ్లవద్దు. బొమ్మతో విసిగిపోతే, గ్రబ్ ఫైలులో "స్ప్లాష్" అన్న మాటను తీసేసి, అక్షరాలనే చూస్తూ కూర్చోవచ్చు. యంత్రానికి నష్టమేమీ లేదు.

"అలాగైతే బొమ్మ తగువే లేకుండా అందరమూ అక్షరాలతోనే సరిపెట్టుకోవచ్చు గదా!" అని ఒక మిత్రుడు అడిగాడు. ఇంగ్లీషువాడికైతే సరిపోతుంది. మనకు సరిపోదు. బొమ్మ లేని ఆ నల్లని అక్షరాల తెరకు ఒకసారికి 512 ఆకారాలకు మించి పట్టవు. ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క గడి. ఇంగ్లీషుకు అది పుష్కలం. యూనికోడ్‌లో 1991 నుంచి తెలుగుకు చోటు వున్నది, నిజమే. కాని గుణింతాలూ వొత్తులూ ఒకదానికింద ఒకటి చేరి పుట్టే మన ఆకారాలు ఆ గడులలో ఇమడవు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరాన్ని తలచుకోండి! దర్జీ సాబ్ ఇంటి ఉర్దూకూ అంతే. కుడి నుంచి ఎడమకు ఒకదానితో ఒకటి చేతులు కలుపుకుని నడిచే ఆ అక్షరాలకు గడులు పనికిరావు. తెర బొమ్మల కొలతలో వుంటేనే మా గల్లీ రెండు భాషలకూ అందులో చోటు. కనుక "డిస్కు తనిఖీ జరుగుతున్నది, ప్లగ్గు తీయవద్దు" అని యంత్రం మన భాషలో చెప్పాలని కోరుకునేవారికి, ఈ తొలి బొమ్మ కొలత వట్టి అలంకారం కాదు. చదువుకున్నవాడికి ఇంగ్లీషులో తెలిసే హెచ్చరిక, యింటి పెద్దావిడకు కూడా తెలియాలంటే ఈ దారి తెరుచుకోవలసిందే.

కాబట్టి బొమ్మ సాగితే మానిటరును తిట్టకండి, దుకాణానికి పరుగెత్తకండి. లోపలి తెర ఎలా వుందో చూడండి. తీగ చూడండి. ఆజ్ఞల వరస చూడండి. ఒక్కసారికి మాత్రమే నిలిచే మార్పుతో పరీక్షించండి. ఆ తరువాతే ఫైలు ముట్టుకోండి.

గడియారంలో బ్యాటరీ అయిపోయి, రోజూ తేదీ తప్పు చెప్పే యంత్రాల గురించి వచ్చే వారం ముచ్చటించుకుందాం.